పసుపు పోయిన పెళ్ళిచీర

గిరిజ నా కౌంటరు మీద కూతురి పెళ్ళిచీర పరిచి, "లీలక్కా, మూలలు చూడు" అన్నచోట పోయినవారం ఆగాం. చూశాను. నాలుగు మూలల్లో ఎక్కడా పసుపు లేదు.

కొత్తబట్ట మూలకి పసుపు పెట్టకుండా కట్టే ఇల్లు మనలో ఎక్కడుంది? పైగా ఈ చీరకి పసుపు పెట్టింది మామూలు చెయ్యి కాదు. పెళ్ళికొడుకు తల్లి రాజేశ్వరమ్మగారు అల్ఫారెట్టా అనే ఊరి నుంచి వచ్చి, ప్రధానం నాడు గుడి హాల్లో అందరూ చూస్తుండగా తన వేళ్ళతో పెట్టిన పసుపు అది. కాబోయే కోడలికి అత్తగారి మొదటి దీవెన. శనివారం పెళ్ళి. ప్రధానం తర్వాత ఆ చీర వెళ్ళింది ఒక్కచోటికే. మా షాపుల వరసలో మొదటి కొట్టు, జర్మనామె ఎర్నా దగ్గరికి. చీరకి ఫాల్, దానితో పెట్టిన జాకెట్టుగుడ్డకి కుట్టు, పెళ్ళిలో ఇద్దరూ కట్టుకునే ఎర్రంచు మధుపర్కాలకి అంచుకుట్టు, అన్నీ గిరిజ ఆమెకే ఇచ్చింది. చీరా జాకెట్టుగుడ్డా నా దగ్గర కొని, కుట్టు ఆమెకి.

"ఇప్పుడేం చెయ్యను అక్కా? ఆవిడ చూస్తే పెళ్ళి ఆపుతుంది" అని గిరిజ కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఆమె భుజం నిమురుతున్నాను. మొహం విచారంగానే పెట్టాను. లోపల మాత్రం, ఏళ్ళ తరబడి కదలని సరుకు ఒక్కరోజులో అమ్ముడుపోయినట్టుంది నాకు.

"చీర నా దగ్గర ఉంచు. రేపు నేను చూసుకుంటాను" అన్నాను.

నా సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. చీరాలలో మా నాన్నది బట్టలకొట్టు, ఇక్కడ అమెరికాలో, అరోరాలో నాది. వచ్చిన కొత్తలో గరాజ్‌లో సూట్‌కేసులు తెరిచి చీరలమ్మాను. ఇప్పుడు అద్దాల షోకేసు ఉంది. అయితే చీర ఒక్కటే అమ్మితే అది సగం బేరం. మీద జాకెట్టు కుదిరితేనే బేరం పూర్తవుతుంది. మొదట్లో జాకెట్టుగుడ్డలు ఇండియా వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి కుట్టించి తెప్పించేదాన్ని. తిరిగి వచ్చేసరికి ఒకావిడ లావయ్యేది, ఒకావిడ చిక్కిపోయేది. ఏమైనా మళ్ళీ నా గడపే తొక్కాలి. ఆ పగ్గం నా చేతిలో ఉండేది.

రెండువేల రెండులో ఆ పగ్గం జారింది. ఒక ఇంజనీరు భార్య బిగుతైపోయిన జాకెట్టు పట్టుకుని "ఎర్నా ఆల్టరేషన్స్" అన్న బోర్డు చూసి లోపలికి వెళ్ళిందట. ముసలావిడ జాకెట్టు తిరగేసి కుట్లు చూసి నవ్విందట. "ఇది నాకు తెలిసిన పనే" అందట. తెలియక ఏం? ఈ ఊళ్ళో ఒకప్పుడు కార్సెట్ ఫ్యాక్టరీలు ఉండేవి. దొరసానులు నడుం బిగించుకునే లోబట్టలు తయారయ్యే చోటు. ఎర్నా సగం జీవితం అక్కడే కుట్టింది. ఆడదాని ఒంటి మీద బట్ట ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో ఆమెకి తెలిసినట్టు నేను పంపిన దర్జీలెవరికీ తెలియలేదు. ఏడాది తిరిగేసరికి అరోరా, నేపర్‌విల్ తెలుగు ఆడవాళ్ళందరి వీపులూ ఆమె టేపు కిందికే వెళ్ళాయి.

వ్యాపారం పోతే పోయింది, ఇంకో సరుకు పెట్టుకోవచ్చు. మా అనుష్క కూడా అటే పోయింది.

అనుష్క మా ఒక్కగానొక్క కూతురు. హైస్కూల్ ఆఖరి సంవత్సరం. స్కూలయ్యాక నేరుగా నా కొట్టుకి రావలసిన పిల్ల, మొదటి కొట్టు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ బొత్తాలు కుడుతుంది, ఫాల్ వేస్తుంది, ఇస్త్రీ చేస్తుంది. నా కొట్టులో ఒక్క మడత పెట్టమంటే, "మామ్, ఐ హావ్ హోమ్‌వర్క్." మొన్న ఆదివారమైతే పదింటికి గానీ లేవని మహాతల్లి పొద్దున్నే లేచి, ఇంటి వెనక డెక్ మీద కుర్చీ వేసి, దానిమీద ఏదో కప్పి, ఎండ ఎటు జరిగితే కుర్చీ అటు జరుపుతోంది. సైన్స్ ప్రాజెక్టనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఎర్నా జీవితం నాకు చిల్లరగా అందేది. ఒకపూట ఒక ముక్క.

"మామ్, ఎర్నా ఫోర్టీన్ ఉన్నప్పుడు స్నోలో నడిచింది. వాళ్ళ మదర్‌తో. హోల్ సిటీ ఎంప్టీ అయిపోయింది."

బ్రెస్లా అన్న ఊరట. ఆ ఊరు ఇప్పుడు జర్మనీలోనే లేదట, పేరు కూడా మారిపోయిందట. యుద్ధం ఆఖరి చలికాలంలో అందరూ వెళ్ళిపోతుంటే, ఆమె తల్లి ఇంట్లోంచి ఒకే ఒక్కటి తెచ్చుకుందట. కోటు కింద నడుముకి చుట్టుకున్న తెల్ల టేబుల్‌క్లాత్. తర్వాత అమెరికన్ సైనికుల బారక్స్‌లో బట్టలుతికే పని. వాళ్ళలో ఒకడు, వాల్టర్, ఈ అరోరా వాడు. పెళ్ళాడి ఓడెక్కించాడు. రైల్వే షెడ్డులో పని చేస్తూ, ఇద్దరు పిల్లలు ఇంకా బడికి కూడా వెళ్ళకముందే, బోగీల మధ్య నలిగి పోయాడు. అత్తగారు, "పిల్లల్ని మాకొదిలి నీ దేశం పో" అందట. "నా దేశం ఏది?" అని అడిగి, మర్నాడు ఎర్నా ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడిందట. ఆ రోజుల్లో జర్మన్ యాస వింటే జనం మొహం తిప్పుకునేవాళ్ళట. అందుకని ఆమె నోరు మూసుకుని మెషీన్ని మాట్లాడించిందట. పిల్లలు చేతికొచ్చారు, ఫ్యాక్టరీ మూతపడింది, ఆమె మాత్రం మూతపడలేదు. ఫ్యాక్టరీ అమ్మేసిన పాత మెషీనొకటి తెచ్చుకుని ఈ కొట్టు తెరిచింది.

"ఏం మనిషండీ బాబూ!" అని మా ఆయన భీమశంకరం గారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ప్లేటులో ఎర్నా పంపిన ప్లమ్ కేకు ముక్క.

నేనూ నడిచాను మంచులో. ఒక చేతిలో అనుష్క, ఒక చేతిలో చీరల సూట్‌కేసు, అపార్ట్‌మెంటు తర్వాత అపార్ట్‌మెంటు తలుపు తట్టాను. అది చెప్పబోతే, "మామ్, నాట్ అగైన్." ఆమె కష్టం చరిత్ర. నా కష్టం నస.

ఒకరోజు టేబుల్‌క్లాత్ కథ వచ్చింది. దానితోనే ఎర్నా తన పెళ్ళిగౌను కుట్టుకుందట. ఆ బట్ట మీద ఒక మరక ఉందట. బ్రెస్లా ఇంట్లో ఆఖరి క్రిస్మస్ భోజనంలో తమ్ముడు ఎర్ర క్యాబేజీ ఒలకపోసిన మరక. ఆ తమ్ముడు దారిలో పోయాడు. ఎర్నా ఆ మరక ఉతకలేదు, కత్తిరించలేదు. గౌను లోపలివైపు, గుండె దగ్గరికి వచ్చేలా కుట్టుకుందట.

"ఇన్‌సైడ్, మామ్. ఎవ్వరికీ కనిపించదు. బట్ షీ నోస్."

"మరక వదిలించడం చాతకాని దర్జీ ఏం దర్జీయే?" అన్నాను.

అనుష్క కంచం వదిలి లేచిపోయింది. ఆ కోపం కూడా ఆమె ఖాతాలోకే పోయింది.

ఇప్పుడు అర్థమైంది కదా, గిరిజ తెచ్చిన చీర నాకేం తెచ్చిందో?

బుధవారం పొద్దున్నే మొదలెట్టాను. ఇంట్లో పని చేసుకుంటూనే, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒకరి తర్వాత ఒకరికి చెప్పాను. "పాపం తెలీక చేసిందిలెండి, మన ఆచారం వాళ్ళకెలా తెలుస్తుంది! అయినా పెళ్ళిబట్టలు ఇచ్చేటప్పుడు మనం చూసుకోవద్దూ?" డెక్ మీద కుర్చీలో ముద్దగా చుట్టి పడేసిన తెల్లదుప్పటి కనిపించింది. అనుష్క ఏ వస్తువూ చోట పెట్టదు. ఆ ముద్ద అలాగే తెచ్చి మెషీన్‌లో పడేసి, బ్లీచ్ పోసి, వేడినీళ్ళకి తిప్పాను. నా నోరు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. ఆఖరి ఫోన్ రాజేశ్వరమ్మగారికే. పెళ్ళివారు అప్పటికే అరోరా వచ్చి హోటల్లో దిగారు. "మీరు పెద్దవారు, మీకు తెలియకుండా ఉండకూడదు. మధ్యాహ్నం మూడింటికి గిరిజని తీసుకుని ఎర్నా కొట్టుకి రండి. మీ ముందే అడుగుదాం" అన్నాను.

వాళ్ళు వచ్చేలోపు ఆమె నోటితో ఒప్పించి ఉంచాలని, నేను ముందుగా వెళ్ళాను.

గంట మోగింది. ఎర్నా కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఇస్త్రీ చేసినట్టు నిటారుగా ఉంటుంది. అది కూడా నాకు పడదు. మెడలో టేపు, వేలికి ఇత్తడి తొడుగు. ట్రయల్ రూమ్ తెర మూసి ఉంది.

"లోపల ఒకరు వేసుకుని చూస్తున్నారు. కాస్త నెమ్మదిగా మాట్లాడు, లీలా" అంది.

ఆమె ఇంగ్లీషులో జర్మనీ పోలేదు, నా ఇంగ్లీషులో చీరాల పోలేదు. అయినా ఒకరిదొకరికి బాగానే తెలుస్తుంది.

చీర బల్ల మీద పరిచాను. "ఇక్కడ పసుపు ఉండేది."

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. ఒక మూల తీసుకుంది, ఇంకో మూల తీసుకుంది. బొటనవేలితో రుద్దింది. తల ఎత్తి తెర వంక చూసి, మళ్ళీ చీర వంక చూసింది.

"ఉండేది" అంది.

"ఎవరు తీశారు?"

కత్తెర పక్కన పెట్టింది. "నేను."

ఆమె వాదిస్తుందని రాత్రంతా మాటలు కూర్చుకుని వచ్చాను. సుత్తి ఎత్తగానే మేకు తనంతట తానే దిగిపోయినట్టయింది. అయినా తెచ్చిన సరుకు వెనక్కి తీసుకుపోయే అలవాటు నాకు లేదు.

"ఏడేళ్ళుగా మా బట్టలు కుడుతున్నారు. తెలియకపోతే అడగొద్దూ? అది మరక కాదు. అత్తగారు కోడలికి పెట్టిన దీవెన."

"తెలుసు" అంది. వెంటనే, "అంటే, ఇప్పుడు తెలిసింది" అని సర్దుకుంది.

"దేనితో తీశారు?"

"వెనిగర్‌తో."

నేను చీర మూల చేతిలోకి తీసుకున్నాను. మా నాన్న పట్టు మీద చెయ్యి వేసి ఏ ఊరి మగ్గమో చెప్పేవాడు. నాకు అంత రాదు గానీ, ఏ బట్టకి ఏం తగిలిందో వేళ్ళకి తెలుస్తుంది. ఆ మూల బిరుసు పోయి వడిలిన ఆకులా ఉంది. అంచు మడత విప్పితే లోపల సన్నగా ఎరుపు కనిపించింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపుని ఎండలో పెడితే, ఎండ మెల్లగా తినేస్తుంది.

సబ్బా? పట్టుకి ఎర్నా సబ్బు పెట్టిందా?

ఇష్టపడ్డవాళ్ళకంటే ఈర్ష్యపడ్డవాళ్ళకే ఎదుటివాళ్ళ పని బాగా తెలుస్తుంది. ఆమె కుట్టిన ప్రతి జాకెట్టూ, దొరికినప్పుడల్లా, తప్పు పట్టుకుందామని తిరగేసి చూసినదాన్ని నేను. ఒక్క తప్పు దొరకలేదు. అలాంటి చెయ్యి పట్టుకి సబ్బు పెట్టదు.

బొమ్మకి తొడిగిన గిరిజ కూతురు సాయి ప్రియ పెళ్ళిజాకెట్టు కనిపించింది. అలవాటు కొద్దీ దాన్నీ తిరగేశాను. లోపల ఎడమవైపు, లైనింగ్ చాటున, వేలిముద్రంత పసుపు పదిలంగా ఉంది. జాకెట్టుగుడ్డ మూలకి పెట్టిన పసుపు అది. మామూలుగా కత్తిరిస్తే ఆ మూల పీలికల్లో కలిసిపోతుంది. అక్కడ వేలాడుతున్న ఇంకో జాకెట్టు తీశాను. ఇంకొకటి తీశాను. అన్నిట్లోనూ అక్కడే ఉంది. ఏడేళ్ళుగా పైవైపు కుట్టుకి వంక వెతికాను గానీ, లైనింగ్ చాటుకి నా కన్ను పోలేదు.

"ఇదేమిటి ఎర్నా?"

ఆమె తప్పు చేసి పట్టుబడినట్టు చూసింది. "మీ వాళ్ళు పెట్టి పంపిస్తారు. ఎవరో ఇష్టంగా పెట్టింది పారేయబుద్ధి కాలేదు. గుడ్డ కాస్త తిప్పి కత్తిరిస్తాను. అంతే."

తమ్ముడి మరకని గుండె దగ్గర కుట్టుకున్న మనిషి. ఆ మాట నేనే నా టేబుల్ దగ్గర విని వెక్కిరించాను. ఈమె ఇంకొకరి పసుపు ఉతుకుతుందా?

మరి ఎండ. డెక్. ఎండ వెంబడి జరిగిన కుర్చీ.

"అనుష్క" అన్నాను.

"నెమ్మదిగా" అంది ఎర్నా. బల్ల ఇటు వచ్చి నా ముందు నిలబడింది. "తప్పు నాది కూడా. శనివారం నాకు ఒంట్లో బాగాలేదు. ఫాల్ సగంలో ఉంటే ఇంటి దగ్గర పూర్తి చేస్తానంది. చిన్నప్పుడు మా అమ్మ బట్టల మరకలు గడ్డి మీద ఎండలో పోగొట్టేదని చెప్పింది నేనే. పిల్ల నాకు సాయం చేశాననుకుంది. సోమవారం గిరిజ వచ్చినప్పుడు నేను మూలలు చూడకుండా మడిచి ఇచ్చేశాను." కళ్ళజోడు తీసింది. "నువ్వు ఆమెకి ఎప్పుడూ చెప్పలేదా, లీలా? ఆ పసుపు ఏమిటో?"

చెప్పలేదు. అయిదో క్లాసులో ఉండగా కొత్తగౌను కాలర్ కింద పసుపు చూసి క్లాసులో పిల్లలు నవ్వారని ఇంటికొచ్చి ఏడ్చింది. "నో ఎల్లో, మామ్!" సరేలెమ్మని మానేశాను. ఎందుకు పెడతామో చెప్పడానికి ఆ రోజు కొట్టులో తీరిక లేదు. తర్వాత ఎప్పుడూ లేదు. ఊరందరికీ పట్టుచీరలమ్మేదాని కూతురికి పసుపంటే మరక.

"ఇప్పుడు విను" అంది ఎర్నా. బేరం ఎలా మాట్లాడాలో ఆమెకీ తెలుసు. "వాళ్ళు వస్తారు. నేను చేశాననే చెబుతాను. నువ్వు కాదనకు. నన్ను ఎన్నాళ్ళు తిట్టుకుంటారు? నా వయసు చూడు. పిల్లనైతే జీవితాంతం చెప్పుకుంటారు. మీ ఆడవాళ్ళు దేన్నీ మరచిపోరు. ఒక్క తమ నడుం కొలత తప్ప."

"మీ కొట్టు పోతుంది. ఒక్క తెలుగు మనిషి మళ్ళీ లోపలికి రాదు."

"పోనీ. నాకు పోగొట్టుకోవడం కొత్త కాదు."

ఆ మాట విని నేను కరిగిపోయానని రాస్తే అబద్ధం. నాకు ఒళ్ళు మండింది. జాకెట్లు నీవే, నా మొగుడి మెప్పు నీదే, నా కూతురి సాయంత్రాలు నీవే. ఆఖరికి నా కూతురి తప్పు మొయ్యడం కూడా నువ్వేనా? తల్లిని నేను. ఆ మూట మోస్తే నేను మొయ్యాలి. దానిక్కూడా నాకంటే ముందు చెయ్యి చాపిందీమె.

బయట కారు తలుపు పడింది. గంట మోగింది.

ముందు రాజేశ్వరమ్మగారు, వెనక గిరిజ. రాజేశ్వరమ్మగారిది గద్వాల్ చీర, మీద స్వెట్టరు, కాళ్ళకి కొడుకు కొనిచ్చిన తెల్ల స్నీకర్స్. తెనాలి నోరు మాత్రం తెనాలిలానే ఉంది.

బల్ల మీది చీర చూసింది. మూల ఎత్తి చూసింది.

"ఏం వదినగారూ" అంది గిరిజతో, "ఇంకా మీ పిల్ల మా గడప తొక్కనేలేదు, అప్పుడే నా చెయ్యి కడిగేసుకున్నారన్నమాట!"

"అయ్యో వదినగారూ, అంత మాటనకండి. నాకేం తెలుసు..."

"మీకేం తెలుసు! ప్రధానంలో పెట్టిన పసుపు పెళ్ళికి ముందే పోయిందంటే ఎవరికి మంచిది? ఈ చీర మా కోడలు కట్టదు. శనివారం సంగతి మా అబ్బాయి సాత్విక్‌తో మాట్లాడి చెబుతాను."

గిరిజ మొహం గోడకి వేసిన సున్నంలా అయిపోయింది. శనివారం సంగతి అంటే పెళ్ళి సంగతి.

రాజేశ్వరమ్మగారు ఎర్నా వైపు తిరిగింది. "ఈవిడేనా? ఏమ్మా, నేను పెట్టిన పసుపు నీకంత అసయ్యంగా కనబడిందా?"

తెలుగు అర్థం కావలసిన పనేమీ లేదు. ఎర్నా టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "యెస్. ఐ డిడ్ ఇట్. ఐ యామ్ సారీ."

"చూశారా, ఒప్పుకుంది. లీలావతిగారు పొద్దున ఫోన్‌లో చెప్పింది అక్షరాలా నిజం. ఇక మా వాళ్ళెవరైనా ఈ కొట్టు గడప తొక్కితే..."

వేలంపాటలో పక్కవాడు పైకి పాడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోగలిగిన రక్తం కాదు మాది.

"ఆవిడ కాదు" అన్నాను, ఎర్నాకీ తెలిసేలా నా వైపే వేలు చూపించుకుని. "నేను."

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"నేనే ఉతికాను. ఆదివారం ఫాల్ పని మీద చీర మా ఇంట్లో ఉంటే, మడత పెడుతుండగా మూలకి మట్టి అంటింది. తడిపితే పసుపు కూడా పోయింది. భయపడి పేరు ఈవిడ మీద పెట్టాను. సరుకు నాది, తప్పు నాది."

"పట్టుచీరల కొట్టు పెట్టుకున్న మనిషివి, నువ్వా?" అంది రాజేశ్వరమ్మగారు. మర్యాద అక్కడే రాలిపోయింది.

"లీలక్కా" అంది గిరిజ, "నిన్న నేను ఏడుస్తుంటే నా భుజం నిమిరావు!"

ఎర్నా నన్ను చూసింది. ఆమె కళ్ళలో కోపం నేను చూడడం అదే మొదటిసారి. తాను కొనదలచిన వస్తువుని ఇంకొకరు ఎగరేసుకుపోతే చూసే చూపు. నిజం చెప్పాలంటే, అది చూసి నా ప్రాణం లేచొచ్చింది.

ట్రయల్ రూమ్ తెర రింగులు జరజరా కదిలాయి.

లోపల బట్టలు వేసుకుని చూస్తున్నవాళ్ళెవరూ లేరు. అనుష్క నిలబడి ఉంది. మొహం ఏడ్చి ఏడ్చి ఉబ్బింది. మొత్తం విన్నట్టుంది.

"స్టాప్, మామ్. నువ్వు చెయ్యలేదు. ఎర్నా కూడా చెయ్యలేదు. వై ఆర్ యూ బోత్ లయింగ్?" రాజేశ్వరమ్మగారి దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆంటీ, నేను చేశాను. ఐ థాట్ ఇట్ వాజ్ ఎ స్టెయిన్. ప్రిటీగా చేస్తున్నా అనుకున్నా. సారీ ఆంటీ. పెళ్ళి ఆపద్దు, ప్లీజ్."

రాజేశ్వరమ్మగారు పిల్లని పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ రెండో చూపు మాత్రం నేను ఈ జన్మలో మరచిపోను.

"నీకెవరూ చెప్పలేదా అమ్మా, అదేమిటో?" అంది. గొంతు తగ్గింది.

అనుష్క తల అడ్డంగా ఊపింది. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవి చేసింది. "వెయిట్. అయితే ఆ వైట్‌వాటికి కూడా ఎల్లో ఉండాలా?"

"ఏ తెల్లవే?" అంది గిరిజ.

"రెడ్ బార్డర్‌వి. పెళ్ళిలో కట్టుకుంటారు కదా, అవి. హెమ్ చెయ్యడానికి ఇంటికి తీసుకెళ్ళా. నిన్న ఎండలో పెట్టా, బట్ కొంచెం కూడా పోలేదు ఆంటీ! ఎల్లో అలాగే ఉంది. ఐ ప్రామిస్, ఇంక టచ్ చెయ్యను."

మధుపర్కాలు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకే గిన్నెలో వేళ్ళు ముంచి పసుపు పెట్టినవి.

రాజేశ్వరమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూర్చుంది. "హమ్మయ్య. అవున్నాయి కదా. చీరకేముంది, మళ్ళీ ఇంత పసుపు నేనే పెడతాను, పిల్ల తెలీక చేసింది. పీటల మీద కట్టేవి అవి. అవి పదిలంగా ఉంటే చాలు, నాకే పట్టింపూ లేదు." గిరిజ ఏడుస్తూనే నవ్వింది. ఎర్నాకి మాటలు తెలియకపోయినా మొహాలు తెలిశాయి. అనుష్క తల మీద చెయ్యి వేసింది.

"ఎక్కడ పెట్టావమ్మా వాటిని?" అంది రాజేశ్వరమ్మగారు లేస్తూ. "పద, ఒకసారి కళ్ళతో చూసుకుంటే నాకు నిద్ర పడుతుంది."

"మా ఇంట్లో, డెక్ మీద ఆంటీ. ఛెయిర్‌లో. డస్ట్ పడకుండా తెల్లషీట్‌లో చుట్టి పెట్టాను. సేఫ్."

"లీలా?" అంది ఎర్నా. "ఏమైంది నీకు?"

నాకు బ్లీచ్ వాసన వచ్చింది. ఆ కొట్టులో బ్లీచ్ లేదు. నా చేతులది ఆ వాసన. వేడినీళ్ళు, ఎర్రంచు, తెల్లబట్ట. మెషీన్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

అనుష్క అప్పటికే తలుపు తీసి పట్టుకుంది. రాజేశ్వరమ్మగారు తెల్ల స్నీకర్స్‌తో గబగబా కారు వైపు నడుస్తోంది. నేనే ఉతికానని ఇందాక అందరి ముందూ ఆడిన అబద్ధం, అబద్ధం కాదు.